రంగు గదిలో రెండోసారి

అన్నం తినేటప్పుడు శేషగిరి పేరు ఎత్తితే నేను పళ్ళెం ముందునుంచి లేచిపోతాను. ఈ సంగతి నా భార్య మల్లీశ్వరికి తెలుసు, కూతురు లిఖితకి తెలుసు, చీరాలలో మా వీధి వీధంతటికీ తెలుసు. శేషగిరి మల్లీశ్వరికి సొంత అన్న. నాకు మేనత్త కొడుకు. అంటే పుట్టుకతోనే బావమరిది. తప్పించుకునే దారి లేని చుట్టరికం.

ఆ రోజు పేరెత్తింది లిఖిత. పెళ్ళి కుదిరిన పిల్ల గదా అని ఊరుకున్నాను.

"నాన్నా, పెళ్ళిలో నన్ను బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేది ఎవరు?"

"ఎవరో ఒకరు తెస్తార్లే."

"ఎవరో ఒకరు కాదు, మేనమామ తేవాలి. నాకున్నది ఒక్కడే."

"ఉన్నాడా ఇంకా? పోయాడనుకున్నానే."

మల్లీశ్వరి గరిటె గిన్నెలో విసిరికొట్టింది. "శుభమా అని పెళ్ళి మాటలు మాట్లాడుతుంటే ఏందా కూతలు? నన్ను కట్టుకుని మా అన్నని వదిలేస్తివి. ఇన్నేళ్ళు నోరు మూసుకున్నా. ఇది నా బిడ్డ పెళ్ళి."

"నీ గొడవ నీది నాన్నా. నా బుట్ట నాది," అంది లిఖిత.

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఆ గొడవేమిటో చెప్పాలంటే ఒక చిక్కుంది. ఇప్పుడు రాయబోయేది నాకు గుర్తున్నది కాదు. మల్లీశ్వరి చెప్పగా విన్నది. ఆ ముక్క నా బుర్రలోంచి తీసేశారు. ఎలా తీశారో తర్వాత వస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి అద్దకం షెడ్డులో నూలుకు రంగు పట్టించే పనిలో చేరాను. శేషగిరి ఇంటర్ తప్పి తిరుగుతుండేవాడు. అప్పుడే చీరాలకు మొదటి కంప్యూటర్ సెంటర్ వచ్చింది. దాన్ని పెట్టినాయన సొంతంగా ఒక ఆట తయారుచేశాడు. పేరు 'రంగు గది'. అద్దకం షెడ్డు యజమాని హత్య. చంపిందెవరో ఆడేవాడు కనిపెట్టాలి. మొదట కనిపెట్టినవాడికి ఏడాది కోర్సులో ఉచితంగా సీటు అని గోడలమీద రాయించాడు. నేనూ శేషగిరీ పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. మధ్యలో ఒక ప్లైవుడ్ చెక్క. నేను జవాబు కనిపెట్టి గట్టిగా అరిచానట. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కుంటూ ఉండగా చెక్క అవతల శేషగిరి టకటకా కొట్టేశాడట. సీటు వాడికొచ్చింది. కోర్సు చదివాడు, ఉద్యోగం చేశాడు, ఒంగోలులో సొంత కోచింగ్ సెంటర్ పెట్టాడు. నేను రంగు తొట్టి దగ్గరే ఉండిపోయాను.

అది దొంగతనమని నా మాట. తనే కనిపెట్టానని వాడి మాట. ముప్పై ఏళ్ళుగా ఇదే.

మల్లీశ్వరి ఎవరి మాట నమ్మిందీ అంటే, చెల్లెలు గదా. "నువ్వు అరిచింది వాడు విన్నాడని ఏందీ నమ్మకం? నువ్వు వాడి బుర్రలో దూరి చూశావా?" అనేది.

అలాంటి ఇంటికి డాక్టర్ ఇందుమతి వచ్చింది.

మంగళగిరి అవతల ఏదో పరిశోధన కేంద్రమట. కారు దిగి సరాసరి షెడ్డులోకే వచ్చింది. నేను ఆకుపచ్చ తొట్టిలో నూలు తిప్పుతున్నాను. చీర ఎత్తిపట్టుకుని గట్టు మీద నిలబడింది.

"ఏడుకొండలుగారూ, 'రంగు గది' అనే ఆట మీకు గుర్తుందా?"

కర్ర ఆపేశాను. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మొదటి బయటి మనిషి ఆమె.

"ఉంటే?"

"జ్ఞాపకాన్ని తుడిచే పరికరం మా దగ్గర ఉంది. ఒక విషయం తుడిచేస్తే మనిషి దాన్ని మళ్ళీ కొత్తగా, అదే దారిలో కనిపెడతాడా అన్నది మేం చూడాలి. దానికి ఎక్కడా జవాబు దొరకని చిక్కు కావాలి. ఇప్పటి ఆటలన్నిటికీ జవాబులు ఫోన్లోనే ఉన్నాయి. దీనికి లేదు. తయారుచేసినాయన కూడా పోయారు. ఫ్లాపీ ఒక్కరి దగ్గరే ఉంది."

"శేషగిరి దగ్గర."

"ఆయన ఆ ఆట తనే ఛేదించానన్నారు. మీరు కాదంటారట."

"అంటారట ఏంది? కాదు."

ఆమె నవ్వింది. నాకు ఆ నవ్వు నచ్చలేదు. చేప గాలం మింగినప్పుడు పట్టినవాడు నవ్వే నవ్వు అది.

"అయితే తేల్చుకోండి. ఇద్దరి తలల్లోంచీ జవాబు తీసేస్తాం. ఇద్దరూ ఒకేసారి మళ్ళీ ఆడండి. మొదట ఎవరికి తడుతుందో చూద్దాం."

కాఫీ తెచ్చిన మల్లీశ్వరి అక్కడే ఆగిపోయింది. అప్పుడే ఆమె లెక్క ఆమె వేసుకుంది.

"బావా, మా అన్న గెలిస్తే నువ్వు నోరు మూసుకోవాలి. బుట్ట వాడు మోస్తాడు."

"నేను గెలిస్తే?"

"నువ్వు చెప్పు."

"వాడు నా ఎదురుగా నిలబడి, 'కనిపెట్టింది నువ్వే బావా' అనాలి. నలుగురిలో అనాలి. అలా అంటే మోసుకోనీ. బుట్టే మోస్తాడో పల్లకీయే మోస్తాడో."

ఎటు తిరిగినా బుట్ట మోసేది వాళ్ళన్నే. మల్లీశ్వరి కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ గ్లాసులో ఆ రోజు చక్కెర కాస్త ఎక్కువే పడింది.

ఆ కేంద్రంలో గోడలు తెలుపు, నేల తెలుపు, మనుషులు వేసుకున్న కోట్లు తెలుపు. రంగు తెలియని ముండాకొడుకులు. శేషగిరి ముందే వచ్చి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నన్ను చూసి చేతులు చాచాడు. నేను అటుపక్క గోడమీద అగ్గిని ఆర్పే సిలిండరు చూస్తూ నిలబడ్డాను.

"ఇంకా కోపమేనా బావా?"

"నీకు దొంగబుద్ధి ఇంకా ఉందిగా. నాకు కోపం ఉంటే తప్పేంది?"

ఇందుమతి మొదట నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. తలకు టోపీ లాంటిది తొడిగింది. లోపల చల్లటి జిగురు. చేతికి సూది. "పొద్దున ఏం టిఫిన్ తిన్నారో చెప్పండి," అంది. చెప్పాను. టోపీ తుమ్మెదలా కాసేపు రొద పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి, పొద్దున ఏం తిన్నారు?"

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. తెల్లగోడే. కానీ నాలుక మీద అల్లం ఘాటు ఉంది. త్రేన్పు వచ్చింది. ఏం తిన్నానో తెలియదు, కడుపు మాత్రం నిండుగా ఉంది.

"జ్ఞాపకాన్ని నోటితో చెబుతున్నంతసేపూ అది తడి సున్నంలా మెత్తగా ఉంటుంది," అంది ఇందుమతి. "మళ్ళీ గట్టిపడేలోపు టోపీ తుడిచేస్తుంది. కాబట్టి రేపు జాగ్రత్త. ఆట జవాబు మాత్రమే చెప్పండి. మీరేది చెబితే అది పోతుంది. చెప్పనిది ఉంటుంది."

"ఇదెవరికమ్మా పనికొచ్చేది?"

"కళ్ళెదుట బిడ్డ పోవడం చూసిన తల్లికి. మంటల్లోంచి బయటపడ్డవాడికి."

"తప్పు చేసినవాడికి?"

ఆమె సూది చోట దూది అదిమింది.

మర్నాడు మధ్యాహ్నం నా వంతు. ఇక్కడినుంచి నాకు ఖాళీ. గాజు గది బయట కూర్చున్న మల్లీశ్వరి చూసిందే చెబుతున్నాను. జవాబు మాత్రమే చెప్పమంటే నేను జవాబుతో ఆగలేదట. ప్లైవుడ్ చెక్క దగ్గర మొదలుపెట్టానట. శేషగిరి కీబోర్డు చప్పుడు, గెలిచాడని వాడికి దండేసి తీసిన ఫోటో, నేను సెంటరు మెట్ల మీద కూర్చుండిపోవడం, మర్నాడు షెడ్డుకు పోయి నీలం తొట్టిలో చేతులు పెట్టడం. ఇందుమతి చాలండీ చాలండీ అని చెయ్యి ఊపినా ఆపలేదట. ఎలా ఆపుతాను? నా ఇంట్లో పూర్తిగా వినకుండానే కొట్టిపారేసిన సంగతి. అక్కడ నలుగురు కోట్లు వేసుకుని కూర్చుని కాగితాలు పట్టుకుని వింటున్నారు. చెప్పేశాను. అంతా చెప్పేసి, అంతా పోగొట్టుకున్నాను.

శేషగిరి కూడా తన కథ చెప్పాడట. ప్రతి ఏడూ కొత్త బ్యాచ్ మొదటి క్లాసులో పిల్లలకు చెప్పే కథే. 'ఒక్క ఆలోచన నా జీవితాన్ని మార్చింది' అనే కథ. అదీ పోయింది.

మాకు పాత సంగతి చెబితే ప్రయోగం చెడుతుంది, ఆట అయ్యేదాకా నోరు విప్పొద్దని ఇందుమతి మల్లీశ్వరితో ఒట్టు వేయించుకున్నంత పని చేసింది.

ఆ మర్నాడు పొద్దున క్యాంటీన్లో నేను దోసె తింటున్నాను. శేషగిరి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కూర్చున్నాడో లేదో నాకు దవడలు బిగుసుకున్నాయి. మెడ వెనక వేడి. వాడి జేబులో పెన్నులు చూస్తే అవి లాగి విరిచేయాలనిపించింది. ఎందుకు? వెతికాను. పందెం వేసుకున్నది, వాణ్ణి దొంగ అన్నది గుర్తున్నాయి గాని, వాడేం దొంగిలించాడో గుర్తు లేదు. బుర్రలో ఆ మూల గోడకు సున్నం కొట్టినట్టుంది.

"ఒరే, నీ మొహం చూస్తే నాకు కడుపు మండుతోంది," అన్నాను. "నువ్వు నాకేం చేశావు?"

"నన్నడిగితే? నన్నూ కడిగారు గదా."

"నువ్వేదో చేశావు. చిన్నది కాదు."

"నువ్వే ఏదన్నా చేశావేమో బావా. చేసినవాళ్ళకే ఇట్లా మండుద్దేమో."

"ఇంకోసారి అను."

"అదిగో, ఊరికే పైకి లేస్తావు." వాడు ఆమ్లెట్ తుంచుకుంటూ నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "నాకు నీ మీద ఏమీ అనిపించట్లేదు. కాస్త భయం. అంతే. భయమెందుకో మరి."

మల్లీశ్వరి మా మధ్య కూర్చుని టీ కప్పులోకి చూస్తోంది. "చెప్పవే, నీకు తెలుసుగా," అన్నాను. పెదవులు బిగించింది. "చెప్పు చెల్లీ, బావ నన్ను తినేట్టున్నాడు," అన్నాడు వాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

కోపం అంటే దాని వెనక ఒక సంగతి ఉంటుందనుకునేవాణ్ణి. సంగతి తీసేస్తే కోపం కూలిపోవాలి గదా. కూలలేదు. ఊతం లేకుండా గాల్లో నిలబడ్డ గోడలా అక్కడే ఉంది. ఆ దోసె నాకు సహించలేదు.

ఆట గదిలోకి తీసుకెళ్ళారు. రెండు పాత కంప్యూటర్లు, నల్ల తెర మీద పచ్చ అక్షరాలు. మధ్యలో ప్లైవుడ్ చెక్క. ఈ తెల్లటి భవనంలో ఆ చెక్క ఒక్కటే మాసిన వస్తువు. ఎందుకు పెట్టారో అప్పుడు నాకు తట్టలేదు. తర్వాత తట్టింది. టోపీ కింద మేమిద్దరం చెప్పింది విని, ఆనాటి గది ఎలా ఉందో అలాగే కట్టించింది ఆ మహాతల్లి. జవాబు ఎవరికి తడుతుందో చూడ్డానికి మమ్మల్ని కూర్చోబెట్టలేదు. దొంగతనం మళ్ళీ జరుగుతుందా అని చూడ్డానికి కూర్చోబెట్టింది. మల్లీశ్వరిని పక్కన పెట్టుకుని వెనక గాజు గదిలో కూర్చుంది.

ఆట మొదలైంది. ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాశారు. నేను బడి మధ్యలో మానేసినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదివితే గాని నాకు మాట కాదు. అలాగే చదువుకుంటూ పోయాను.

షెడ్డు యజమాని రాజలింగం ఎర్రరంగు గదిలో చచ్చిపడి ఉన్నాడు. తొట్టి తిరగబడి నేలంతా ఎర్రరంగు. అనుమానం ముగ్గురి మీద. తాగుబోతు అల్లుడు. ఏడుస్తూ కూర్చున్న తమ్ముడు. తెల్లబట్టలు, బూట్లు వేసుకున్న గుమాస్తా. గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగితే ఒకటే మాట చెబుతాడు: "దుప్పటి ముసుగేసుకుని ఒకడు బయటికి పోయాడు. మొహం చూడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి."

అల్లుడి దగ్గరికి పోయి 'కళ్ళు చూడు' అని కొట్టాను. ఒక్కో అక్షరానికి వేలు గద్దలా తిరుగుతోంది. 'ఎర్రగా ఉన్నాయి. తాగి ఉన్నాడు' అంది తెర. అల్లుడి పేరు కొట్టాను. 'తప్పు. అసలువాడు నవ్వుతున్నాడు.' ఆట మొదటికొచ్చింది. తమ్ముడి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి, ఏడ్చి ఏడ్చి. వాడి పేరు కొట్టాను. 'తప్పు. అసలువాడు నవ్వుతున్నాడు.' గుమాస్తా కళ్ళు తెల్లగా, సుబ్బరంగా ఉన్నాయి. చెక్క అవతల శేషగిరి వేళ్ళు వానలా కురుస్తున్నాయి. మధ్యమధ్యలో వాడూ తిట్టుకుంటున్నాడు. వాడికీ అసలువాడు నవ్వుతున్నాడు.

చెమట పట్టింది. ఏదో పోతుందని భయం. ఏం పోతుందో తెలియదు. ఇది నేను గెలవకపోతే నేను మనిషిని కాదు అన్నట్టుంది లోపల. ఎందుకట్లా అని అడిగితే చెప్పలేను.

మళ్ళీ కాపలావాడి దగ్గరికి పోయాను. మళ్ళీ పైకి చదివాను. "మొహం చూడలేదు. కె, ఏ, ఎల్, ఎల్, యు. కళ్ళు. కళ్ళు ఎర్రగా..."

ఆగాను.

మొహం చూడనివాడికి కళ్ళెలా కనపడ్డాయి?

మళ్ళీ చదివాను. కె, ఏ, ఎల్, ఎల్, యు. కల్లు. కళ్ళు. కల్లు అయితే 'ఉన్నాయి' అనరు, 'ఉంది' అనాలి. ఇంకా ఏమవుతుంది ఇది? నాలుక మీద తిప్పాను. కొంచెం సాగదీశాను.

ఒళ్ళు ఝల్లుమంది. నా బతుకులో అంత హాయి ఇంకోటి లేదు. అంతకు ముందొకసారి ఉందట గాని నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల అది నాకు కొత్తదే. నూలు తెల్లగా పోయి రంగులో బయటికొచ్చినప్పుడు చూస్తామే, అట్లా.

"కళ్ళు కాదురా! కాళ్ళు! కాళ్ళు ఎర్రగా ఉన్నాయి! వాడు రంగులో నడిచాడు! బూట్లు, ఆ గుమాస్తా బూట్లు!"

అరిచాక కీబోర్డు మీద వంగాను. 'గుమాస్తా బూట్లు విప్పు' అని కొట్టాలి. జి దొరికింది. యు ఎక్కడ? యు పైన ఉంది. ఎమ్ కింద, చివర...

చెక్క అవతల వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత టకటకటక.

అటుపక్క కంప్యూటర్ కీచుమంటూ పాట పాడింది.

"అయిపోయింది బావా!" శేషగిరి లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. "బూట్లు విప్పితే పాదాలు ఎర్రగా! కళ్ళు కాదు, కాళ్ళు! అట్లా మెరిసింది నాకు, ఉన్నట్టుండి!"

వాడు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తనకే మెరిసిందనుకుంటున్నాడు.

గాజు తలుపు తోసుకుని మల్లీశ్వరి వచ్చింది. నా వైపు రాలేదు. అన్న ఎదురుగా పోయి నిలబడింది.

"బావ అరిచింది విని కొట్టావు."

"అరిచాడా? ఎప్పుడు? నేను వినలా."

"నేను గాజు అవతల విన్నా. నువ్వు చెక్క అవతల వినలా?"

"ఒట్టు చెల్లీ. నాకే తట్టింది."

ఇందుమతి గోడమీది తెర వెలిగించింది. వాడి ఆట మొత్తం అందులో ఉంది. 'కళ్ళు చూడు, కళ్ళు చూడు, కళ్ళు చూడు.' అల్లుడివి, తమ్ముడివి, గుమాస్తావి, ఆఖరికి చచ్చినవాడివి కూడా. ఆ పక్కన నా అరుపు. అరుపు ఆగాక ఒక్క ఊపిరి. ఆ తర్వాత వాడి వేళ్ళు.

శేషగిరి దాన్ని చూశాడు. ఇంకోసారి వెయ్యమన్నాడు. వేసింది. కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పొచ్చా?" అని ఇందుమతిని అడిగి, మల్లీశ్వరి మా ఇద్దరికీ ఆ పాత కథ చెప్పింది. సెంటరు, చెక్క, సీటు, దండ, మెట్లు. నా కథ నేను పక్కింటివాడి కథలా విన్నాను. విని, "అదా?" అన్నాను. ఇంత కోపానికి అంతేనా అనిపించింది. చిన్నదిగా అనిపించింది కూడా. అయినా కోపం గింజంత తగ్గలేదు. దానికి కాళ్ళు దొరికాయి, అంతే.

"నేను నిన్ను నమ్మలేదు బావా," అంది మల్లీశ్వరి. నన్ను చూసి కాదు, నేలను చూసి. "కడుపు మంటతో కల్పించుకున్నావనుకున్నా."

శేషగిరి తల పట్టుకున్నాడు. "అప్పుడూ ఇట్లానే చేశానా? తెలియకుండానే? రెండుసార్లూనా?"

"అను," అన్నాను. "అన్నానుగా, నలుగురిలో అనాలని. నలుగురూ ఉన్నారు. అను."

"నువ్వే కనిపెట్టావు బావా." తల పైకెత్తాడు. "నువ్వే. రెండుసార్లూ నువ్వే."

ముప్పై ఏళ్ళు ఆకలితో ఉన్నవాడికి ముద్ద నోట్లో పెట్టినట్టుండాలి గదా. వాడి కళ్ళలో నీళ్ళు చూస్తే నాకు బాగానే ఉంది. దాచుకోను. ఇంకా కాసేపు చూడాలనిపించింది. రేపూ చూడాలి, పెళ్ళిలో చూడాలి, వాడు పిల్లలకు క్లాసు చెబుతూ మధ్యలో ఆగిపోతే చూడాలి.

వాడు ఇందుమతి వైపు తిరిగాడు.

"మేడమ్, ఇది తీసేయండి."

"ఏది?"

"ఇదే. ఇప్పుడు జరిగింది. ఇప్పుడు విన్నది. రేపు పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? నేను బతకలేను మేడమ్ దీంతో."

"బతుకుతావు," అన్నాను. "నేను బతకలా? అమ్మా, తియ్యొద్దు. వాడికది ఉండాలి. అది వాడిది కూడా కాదు, నాది. నా ముప్పై ఏళ్ళు అది."

"ఆయన తలలోది ఆయనది, ఏడుకొండలుగారూ. ఆయన అడిగితే నేను కాదనలేను. మొదటే ఒప్పందం రాసిచ్చారు. మీరూ రాసిచ్చారు. మీక్కూడా కావాలంటే..."

"నన్ను ముట్టుకుంటే నీ టోపీ నీ నెత్తినే పగలగొడతా."

కోట్లు వేసుకున్నవాళ్ళు ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు. మల్లీశ్వరి అన్న చొక్కా పట్టుకుంది. "వద్దన్నయ్యా. చేసిందానికి కాదు నాకు బాధ. తెలియక చేశావు, పోనీ. తెలిశాక ఉంచుకోవాలి గదా? నాకోసం ఉంచుకో. బావకు ఒక్కసారి మొహం చూపించి, పెళ్ళికి రా. బుట్ట నువ్వే మోద్దువుగాని."

వాడు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. మెత్తగానే విడదీశాడు. గాజు గదిలోకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. టోపీ తొడిగారు. పెదవులు కదలడం బయటినుంచి కనిపించింది. అంతా చెబుతున్నాడు, ఒక్క ముక్క మిగల్చకుండా. చెబుతూ ఏడుస్తున్నాడు. చెప్పేకొద్దీ ఏడుపు సన్నబడింది. కాసేపటికి, ఎందుకు తడిశాయో తెలియనట్టు చెంపలు తుడుచుకున్నాడు.

మల్లీశ్వరి గాజుకు చెయ్యి ఆనించి మొత్తం చూసింది.

తలుపు తీసుకుని వచ్చాడు శేషగిరి. జుట్టుకు జిగురు అంటి ఉంది. జేబులో పెన్నులు సర్దుకున్నాడు.

"ఏం బావా, ఆట మొదలుపెడదామా?"

"అయిపోయింది," అంది మల్లీశ్వరి.

"అయిపోయిందా! ఎవరు గెలిచారే?"

"నువ్వే అన్నయ్యా."

"చూశావా మరి!" మొహం విప్పారింది. అచ్చం కీచుపాట వచ్చినప్పటి మొహమే. "అయితే బుట్ట నాదే. నడుం నొప్పి ఉందిలే గాని, నా మేనకోడల్ని మోయలేనా?"

"అక్కర్లేదు. పిల్ల నడిచొస్తుంది. నువ్వు రావద్దు."

"రావద్దా? ఏందే ఆ మాట? గెలిస్తే నేనే మోయాలని అనుకున్నాం గదా? ఏం జరిగిందే? ఒసే మల్లీ!"

ఆమె చెప్పులు వేసుకుని వసారా దాటింది. ఎండలో కారు దగ్గర మాకు వీపు పెట్టి నిలబడింది. ఆ వీపు నాకు తెలుసు. ఇన్నేళ్ళు నేను వాడికి పెట్టింది అలాంటి వీపే.

శేషగిరి నా చెయ్యి పట్టుకున్నాడు. నిజంగానే బెదిరిపోయి ఉన్నాడు.

"బావా, దానికి నామీద కోపమెందుకు వచ్చింది? నేనేం చేశాను? నువ్వన్నా చెప్పు."

నోటిదాకా వచ్చింది. వాడి భుజం మీదుగా చూస్తే గాజు గదిలో ఒకమ్మాయి టోపీ లోపలి జిగురు తుడిచి, మళ్ళీ కుర్చీ చేతికి తగిలిస్తోంది.

వాడి చెయ్యి విదిలించుకున్నాను.

"నువ్వే కనిపెట్టు," అన్నాను.